మూడేళ్ల డిగ్రీ

బంగాళాదుంపలు ఉడికేలోపు రెండు వ్యాసాలైనా దిద్దేయొచ్చని గ్వెండా వంటింటి బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంది. ఆ వ్యాసాలు ఆమె విద్యార్థులవి కావు. ఆమెకు విద్యార్థులు లేరు. అవి ఆమె భర్త రోలండ్ పార్జిటర్ దగ్గర చరిత్ర చదివే మొదటి సంవత్సరం పిల్లలవి. ఇంగ్లండు నుంచి మిన్నెసోటాలోని ఈ చిన్న ఊరికి వచ్చి పదకొండేళ్లయింది. హాల్వర్సన్ కాలేజీలో రోలండ్ పాఠం చెబుతాడు, పిల్లలు రాసినదంతా గ్వెండా దిద్దుతుంది. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఆమెకు బాగా గుర్తు. వచ్చిన కొత్తలో అతనికి జ్వరం వచ్చింది. "ఈ ఒక్కసారికీ చూసిపెట్టు, నా పద్ధతి నీకు తెలుసుగా" అన్నాడు. ఒక అమ్మాయి చక్కగా రాసిందని ముచ్చటపడి గ్వెండా అరవై రెండు వేసింది. ఆ పిల్ల రోలండ్ గదికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చిందట. ఇంగ్లండులో అరవై రెండు వస్తే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటారు. డెబ్బై దాటితే ఇరుగుపొరుగుకి కూడా చెప్పుకుంటారు. ఇక్కడ అరవై రెండంటే తప్పినంత పని. "నువ్వింకా మన ఊరి తక్కెడతో తూస్తున్నావు గ్వెండా. ఇక్కడ కాస్త ధారాళంగా వెయ్యాలి" అని రోలండ్ నవ్వాడు. ఆమె నేర్చుకుంది. అక్కడి అరవై ఐదు ఇక్కడి తొంభై అని మనసులోనే మార్చుకుంటూ, ప్రతి వ్యాసం పక్కనా పొందిగ్గా నాలుగు మాటలు రాస్తూ, అన్నిటి కిందా రోలండ్ పొడి అక్షరాల సంతకం కోసం జాగా వదులుతూ పదకొండేళ్లు దిద్దింది. ఏటా చివర్లో పిల్లలు పేరు చెప్పకుండా తమ అభిప్రాయం రాసిస్తారు. రోలండ్ వాటిని భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించేవాడు. "ప్రొఫెసర్ పార్జిటర్ మా వ్యాసాల మీద రాసే మాటల కోసమే ఈ క్లాసులో చేరామని రాశాడు చూడు ఒకడు. శ్రద్ధ పెట్టేదెవరో పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది." అలా అంటూ ఆమె వైపు చూసి, ఇంకో ముక్క మాంసం వెయ్యమని ప్లేటు చాచేవాడు. ఎగతాళి కాదది. నిజంగానే మరిచిపోయేవాడు.

ఆ ఏడు జనవరిలో, కూతురు ఫిలిపా చదివే హైస్కూల్లో ఫ్రెంచి టీచరు రిటైరవుతోందని తెలిసింది. ప్రిన్సిపల్ ఎదురుపడ్డప్పుడు, "మీకు ఫ్రెంచిలో డిగ్రీ ఉందటగా, రాష్ట్రం ఇచ్చే టీచరు లైసెన్సు ఒక్కటి తెచ్చుకోండి, నేను ఇంకెవర్నీ వెతకను" అన్నాడు. గ్వెండా ఆ మాటని ఇంట్లో చెప్పకుండా రెండు వారాలు దాచుకుంది. తరవాత ఇంగ్లండు నుంచి తన చదువు కాగితాలు తెప్పించుకుని కాలేజీ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లింది. అక్కడ మిసెస్ లుండ్‌క్విస్ట్ అనే పెద్దావిడ ఉంది, కళ్లద్దాలు గొలుసుకి వేలాడేసుకుని, ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సివస్తే ముందుగా కాఫీ పోసిచ్చే మనిషి.

"మీ డిగ్రీ ఎన్నేళ్లది మిసెస్ పార్జిటర్?"

"మూడేళ్లది. మా దగ్గర అంతే."

"ఇక్కడ నాలుగేళ్లండీ."

"మీ పిల్లలు కాలేజీ మొదటి ఏడు చదివేదంతా మేం బళ్లోనే చివరి రెండేళ్లలో 'ఏ లెవెల్' అనే పేరుతో చదివేస్తాం కదా. కలిపి చూస్తే ఒకటే."

"కొన్ని కాలేజీలు అలాగే లెక్కేసుకుంటాయి. మా వాళ్లు ఒప్పుకోరు." ఆవిడ కాఫీ కప్పు ఇంకాస్త ముందుకి జరిపింది. "అసలు చిక్కు ఏళ్లతో కాదండీ. పదహారేళ్ల తరవాత మీరు లెక్కలు చదివిన జాడే లేదు. సైన్సూ లేదు. రెండేళ్లు ఫ్రెంచి, చరిత్ర, ఇంగ్లీషు. ఆ మీదట మూడేళ్లూ ఒట్టి ఫ్రెంచి. ఇక్కడ టీచరవ్వాలంటే అన్నీ కొంచెం కొంచెం తెలిసుండాలి. ఒక ఏడాది చదువు తక్కువ పడుతోంది మీకు. కానీ ప్రొఫెసర్ పార్జిటర్ గారి భార్యగా మీకు ఫీజుండదు. అదొకటి కలిసొచ్చింది."

నలభై రెండేళ్ల వయసులో తన డిగ్రీ పూర్తి కాలేదని వినడం ఎలా ఉంటుందో గ్వెండా దారిపొడుగునా ఆలోచించింది. అవమానంగానే ఉంది. కానీ ఆ అవమానంలో ఎక్కడో, ఎప్పట్నుంచో తనకి అనుమానంగా ఉన్నదాన్ని ఎవరో పైకి అనేసినట్టు కూడా ఉంది.

రోలండ్ పడీపడీ నవ్వాడు. "నీ డిగ్రీ పూర్తవలేదన్నారా? వీళ్లా? ఇక్కడ బొమ్మలు గీయడానికి, ఈత కొట్టడానికి కూడా మార్కులు వేసేవాళ్లా? పద్దెనిమిదేళ్ల పిల్లకాయల పక్కన కూర్చుని కూడికలు నేర్చుకుంటావా ఇప్పుడు?"

"నీదీ మూడేళ్ల డిగ్రీయేగా. నిన్నెవరూ లెక్కలొచ్చా అని అడగలేదు."

"నాకు డాక్టరేట్ ఉంది కదా, బంగారం."

ఉంది. ఆ డాక్టరేట్ ప్రతి పేజీ గ్వెండా వేళ్ల కింద నుంచే వెళ్లింది. డిగ్రీ అయ్యాక ఆమెకు టీచరు శిక్షణలో సీటొచ్చింది, ఒక్క ఏడాది చదువు. సరిగ్గా అప్పుడే రోలండ్‌కి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, థీసిస్ టైపు చేసేవాళ్లు కావాల్సొచ్చారు. "శిక్షణ ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు చేద్దువుగాని" అన్నాడు. వచ్చే ఏడు ఇల్లు మారారు. ఆ పైయేడు అతని మొదటి పుస్తకం. ఆ తరవాత ఫిలిపా. పుస్తకం మొదట్లో రోలండ్ రాశాడు: 'ఓపికగా టైపు చేసిన నా భార్యకు.' పేరు కూడా వెయ్యలేదు, భార్య ఒక్కతే కదా, ఎవరో అందరికీ తెలుసని.

ఆదివారం ఇంగ్లండులోని చెల్టన్‌హామ్ నుంచి ఫోన్ చేసిన అత్తగారికి కూడా కబురు అందేసింది. "ఈ వయసులో పరీక్షలేంటమ్మా గ్వెండా? సరదా పడితే తోటపని క్లాసులుంటాయి కదా. ఇంతకీ రోలండ్‌కి వేళకి తిండి పెడుతున్నావా? గొంతు నీరసంగా ఉంది వాడిది."

"పెడుతున్నానండీ" అంది గ్వెండా. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో గరిటె ఉంది.

ఆల్జీబ్రా క్లాసుకి వెళ్లిన మొదటి రోజు, తలుపు తెరుచుకుని ఆమె లోపలికి రాగానే పిల్లలందరూ నిటారుగా కూర్చున్నారు, టీచరనుకుని. ఆమె వచ్చి చివరి వరసలో కూర్చునేసరికి అంతా కిసుక్కున నవ్వారు. అసలు టీచరు బెర్నిస్ హాగన్. అరవై దాటిన మనిషి, స్కర్టు నిండా సుద్దముక్క గీతలు, మంచులోంచి నడిచొచ్చిన బూట్లతోనే పాఠం మొదలుపెట్టే రకం. ఇక్కడ రోజూ ఇంటిపని ఇస్తారు, ప్రతి పక్షానికీ ఒక పరీక్ష పెడతారు. ఏడాదంతా ఊరుకుని చివర్లో ఒక్క పరీక్ష మీద బతుకుని పందెం కాసే చదువు గ్వెండాది. ఆమెకు ఇది చిన్నపిల్లల వ్యవహారంలా తోచింది. పిల్లలు ఏ సిగ్గూ లేకుండా చెయ్యెత్తి ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా అడిగేవారు. గ్వెండా నెల రోజులు నోరు మెదపలేదు. ఒకరోజు బెర్నిస్ బోర్డు దగ్గర నుంచే అడిగింది: "మిసెస్ పార్జిటర్, మీ దేశంలో క్లాసులో నోరు తెరిస్తే జుల్మానా వేస్తారా?"

అందరితోపాటు గ్వెండా కూడా నవ్వింది. ఆ వెంటనే చెయ్యెత్తి అడిగింది. ప్రశ్న బాగుందని బెర్నిస్ అనలేదు, బోర్డు తుడిచి మొదటినుంచి మళ్లీ చెప్పింది.

ఆ రోజు ఇంటికొస్తుంటే ష్రాప్‌షైర్‌లోని తన పాత ఆడపిల్లల బడి గుర్తొచ్చింది. పదహారేళ్లప్పుడు 'ఓ లెవెల్' అనే బడి పరీక్షల్లో, లెక్కల్లో బడి మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. ఏ లెవెల్‌కి మూడే సబ్జెక్టులు ఎంచుకుని రెండేళ్లూ అవే చదవాలి. లెక్కలూ ఫ్రెంచీ కావాలని రాసిచ్చింది. టైంటేబుల్లో ఆ రెండూ ఒకే గంటకి పడ్డాయి. హెడ్‌మిస్ట్రెస్ మిస్ ట్రాంటర్ పిలిపించి, "నీకు భాషలు బాగా వస్తాయి గ్వెండా. లెక్కలు అవసరమున్న వాళ్లకి వదిలెయ్" అంది. ఆ అవసరం ఎవరికి ఉంటుందో అడగలేదు గ్వెండా. మగపిల్లల బళ్లలోనైతే టైంటేబుల్ అడ్డొస్తే టైంటేబుల్‌నే మార్చేవారని చాలా ఏళ్ల తరవాత రోలండే మాటల్లో చెప్పాడు. పదహారేళ్ల పిల్ల, నాలుగు నిమిషాల మాట. ఆ తరవాత ఇరవై ఆరేళ్లు ఆమె ఎక్కడ కూర్చున్నా తనని తాను "నాకు లెక్కలు రావండీ" అని పరిచయం చేసుకుంది. రాక కాదు. ఆపేశారు. రెండింటికీ తేడా ఉందని ఆమెకి ఇప్పటిదాకా తట్టనే లేదు.

ఆల్జీబ్రాలో గట్టెక్కింది. లైసెన్సుకైతే లెక్కలు అక్కడితో ఆపేయొచ్చు. ఆగస్టు చివర కొత్త సెమిస్టర్‌కి పేరిచ్చేటప్పుడు, ఎవరూ అడగకపోయినా కాల్క్యులస్ తీసుకుంది. వంపు తిరిగిన గీత మీద ఒక్క బిందువు దగ్గర వాలు ఎంతో కనుక్కోవచ్చని తెలిసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. కారులో గుట్ట ఎక్కుతుంటే, సింకులోంచి నీళ్లు సుడి తిరుగుతూ దిగుతుంటే, ఎంత వేగంగా మారుతోంది, ఈ క్షణాన ఎంత అని అదే ధ్యాస. ఒకసారి బఠాణీలు మాడిపోయాయి. రోలండ్ మూత తీసి చూసి, కిటికీ గట్టిగా తెరిచాడు. గ్వెండాకి తనని చూస్తే తనకే కొంచెం భయమేసేది. ఇది ఉద్యోగం కోసం పడే తాపత్రయం కాదు. ఆకలి. ఇంత ఆకలి పెట్టుకుని ఇన్నేళ్లు మర్యాదగా బల్ల దగ్గర కూర్చుని అందరికీ వడ్డించిందా తను?

అక్టోబరులో రోలండ్ ఎప్పటిలాగే వ్యాసాల కట్ట బల్ల మీద పెట్టాడు. "శుక్రవారానికి కావాలి."

"శుక్రవారం నాకు పరీక్ష ఉంది."

"నీ పరీక్షా?" బొమ్మలపెళ్లికి ముహూర్తమెప్పుడని పిల్లల్ని అడిగే గొంతు.

"ఈసారి నువ్వే దిద్దుకో రోలండ్. ఈసారనే కాదు."

అతను కట్ట తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత వారాల తరబడి ఇంట్లో అల్మరా తలుపులు కాస్త గట్టిగా మూసుకున్నాయి. వ్యాసాల మీద ఈమధ్య ఏమీ రాయడం లేదేంటని పిల్లలు గొణుగుతున్నారని ఫిలిపా ఎక్కడో విని వచ్చి, అమ్మ ముఖం చూసి, మాట మార్చేసింది.

నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ మధ్యాహ్నానికి రోలండ్ ఇద్దర్ని భోజనానికి పిలిచాడు. ఒకరు కాలేజీ డీన్ విట్‌కాంబ్, భార్య పోయినవాడు. ఇంకొకరు బెర్నిస్ హాగన్. బెర్నిస్‌ని పిలవమన్నది గ్వెండా. తెల్లవారుజామునే లేచి టర్కీ కోడిని పొయ్యిలో పెట్టింది, గుమ్మడికాయతో తీపి 'పై' కాల్చింది, అత్తగారి వెండి చెంచాలు తోమింది. అందరూ కూర్చున్నాక రోలండ్ గ్లాసు పట్టుకుని లేచాడు.

"ఇవాళ మనందరం ఒకందుకు సంతోషించాలి. ఉత్తర ఇంగ్లండులో ఒక పాత యూనివర్సిటీ నాకు ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. మీకిది వింతగా ఉంటుంది, ఇక్కడ పాఠం చెప్పే ప్రతివాణ్నీ ప్రొఫెసరనే పిలుస్తారు కదా. అక్కడ డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒకడో ఇద్దరో ఉంటారు. వేసవిలో మేం ఇంటికి వెళ్లిపోతున్నాం."

గ్వెండా గ్రేవీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అతిథులు విన్నప్పుడే తనూ విన్నది. గిన్నె వేడి వేళ్లకి తగులుతోంది. డీన్ తల ఊపుతున్నాడు, ముందే తెలిసినవాడిలా. ఫిలిపా నాన్న వంక కాకుండా అమ్మ వంక చూస్తోంది.

"మరి గ్వెండా చదువు?" అని బెర్నిస్ అడిగింది. "కాల్క్యులస్ రెండో భాగం వచ్చే సెమిస్టర్‌లో ఉంది."

"అయ్యో, క్లాసుకిన్నని ఇచ్చే ఆ క్రెడిట్లా!" రోలండ్ సరదాగా చెయ్యి ఊపాడు. "అవి సూపర్‌బజారు వాళ్లిచ్చే కూపన్లలాంటివి బెర్నిస్. ఆ కొట్లోనే చెల్లుతాయి. సముద్రం దాటితే ఎవడూ తీసుకోడు. గుర్తుగా దాచుకుంటుందిలే."

డీన్ నవ్వాడు. బెర్నిస్ నవ్వలేదు. గ్వెండా వచ్చి గ్రేవీ గిన్నె బల్ల మధ్యలో పెట్టి, చల్లారిపోకముందే వేసుకోండి అంది. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

అతిథులు వెళ్లేసరికి బయట ఇంకా వెలుతురుంది. రోలండ్ పొడిగుడ్డ తీసుకుని గిన్నెలు తుడవడానికి వచ్చాడు. అతను ఆ పని చేసేది తప్పు చేసినప్పుడే.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది, పళ్లెం కడుగుతూ.

"అక్టోబరు చివర్లో. ఖాయమయ్యాక చెబుదామని ఆగాను. ఊరికే ఆశపెట్టడం ఎందుకని."

"డీన్‌కి ఎప్పుడు చెప్పావు?"

"పోయినవారం. ఆయనకి చెప్పకపోతే ఎలా గ్వెండా, వాళ్లు వేరే మనిషిని చూసుకోవాలి కదా."

"నాకు చెప్పకపోతే ఎలా అనిపించలేదా?"

రోలండ్ పళ్లెం తుడవడం ఆపాడు. "నువ్వు నా మనిషివి. వాళ్లు పైవాళ్లు." ఎంతో ప్రేమగా అన్నాడు. "పైగా ఫిలిపా సంగతి ఆలోచించు. ఇక్కడి హైస్కూల్ డిప్లొమాని మన దగ్గర పదహారేళ్ల పిల్లల చదువుతో సమానం కడతారు. వెళ్లగానే రెండేళ్లు ఏ లెవెల్ చదివితేనే మంచి యూనివర్సిటీలో అడుగుపెట్టనిస్తారు. ఆలస్యమైతే దాని బతుకు రెంటికీ చెడుతుంది."

"నా చదువు మాత్రం రెంటికీ చెడొచ్చు."

"అక్కడ సాయంత్రం క్లాసులుంటాయి. ఏ లెవెల్ లెక్కలు తీసుకో, ఎవరొద్దన్నారు?"

"మొదటినుంచి."

"మొదటినుంచే మరి. ఇక్కడివి ఎలా లెక్కేస్తారు?" అతను తుడిచిన పళ్లేన్ని తడిపళ్లేల మీద పెట్టాడు. "ఇంకోటి. డిసెంబరులో నేను అక్కడికి వెళ్లాలి. వైస్ ఛాన్సలర్ విందిస్తున్నాడు, భార్యలతో రమ్మన్నాడు. పద్నాలుగో తారీకు."

"ఆ రోజు నా కాల్క్యులస్ చివరి పరీక్ష."

"ఇది అమెరికా. జలుబు చేసిందన్నా ఇంకో రోజు పరీక్ష పెడతారు. బెర్నిస్‌ని అడుగు."

"నేను ఇంగ్లండు దాన్ని రోలండ్" అంది గ్వెండా. "పరీక్ష ఏ రోజుంటే ఆ రోజే రాస్తాను."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి అతను నవ్వేవాడు.

ఆ తరవాతి రోజుల్లో గ్వెండా ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంది. ఫిలిపా రానంటుందని. స్నేహితులున్నారు, బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది, ఈ ఊరి మంచులోనే పెరిగింది. కూతురు ఉండిపోతానంటే తల్లి ఉండిపోవడానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఒకరోజు ఉదయం బడికి దిగబెడుతూ కారులో అడిగింది.

"నాకు వెళ్లాలనుందమ్మా" అంది ఫిలిపా, ఒక్క క్షణమైనా తడుముకోకుండా. "ఇక్కడ ఆటల పీరియడు, ఉపన్యాసాల క్లాసు, పౌరశాస్త్రం, అన్నీ చచ్చినట్టు చెయ్యాలి. నాకు కెమిస్ట్రీ ఒక్కటే కావాలి. అక్కడైతే కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు. మిగతావాటికి దండం పెట్టెయ్యొచ్చు. ఎంత హాయి!"

"పదేళ్ల తరవాత ఇంకోటి కావాలనిపిస్తే?"

"అప్పుడు నీలా నలభయ్యో ఏట చదువుకుంటా." నవ్వుతూనే అంది. కారు బడి ముందు ఆగింది. ఫిలిపా దిగలేదు. "నువ్వు రావడం లేదు కదూ?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఇంగ్లండు సంగతి వచ్చినప్పుడల్లా నువ్వు 'మీరు' అంటున్నావు. 'మనం' అనడం లేదు. నాన్న గమనించలేదు, నేను గమనించాను."

గ్వెండా స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. పదిహేడేళ్ల పిల్లని సముద్రం దాటించి ఇక్కడుండిపోయే తల్లిని ఏమంటారో ఆమెకు తెలుసు. అత్తగారు ఏమంటారో మాట మాటా తెలుసు. ఇక్కడివాళ్లు నవ్వుతూ పలకరించి వెనక ఏమనుకుంటారో అదీ తెలుసు. అన్నిటికన్నా తను తనని ఏమనుకుంటుందో అది తెలియదు.

"నీకు కోపమా?" అని అడిగింది చివరికి.

"ఉంది" అంది ఫిలిపా. కొంచెం ఆలోచించి, "కానీ నువ్వొచ్చి అక్కడ వంటింట్లో మూతి ముడుచుకుని తిరుగుతుంటే ఇంకా ఎక్కువ కోపమొస్తుంది" అని, సంచీ భుజాన వేసుకుని దిగిపోయింది. తలుపు గట్టిగానే వేసింది.

గ్వెండా అక్కణ్నుంచి నేరుగా బెర్నిస్ గదికి వెళ్లింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరగబోయింది. అడగడం ఆమెకి అలవాటు లేదు. అడక్కుండా ఉండటమే పెద్దరికమని పెంచారు.

"పిల్లల అనుమానాలు తీర్చే గది ఉంది కదా, లెక్కల బిల్డింగులో. అది చూసుకునే అతను వెళ్లిపోతున్నాడని విన్నాను. ఆ పని నాకిస్తారా?"

బెర్నిస్ కుర్చీ వెనక్కి వాల్చింది. "జీతం బాగా తక్కువ."

"ఇప్పటిదాకా నాకు జీతమే లేదు."

"కాలేజీ ఉద్యోగులకి చదువు ఉచితం. అది తెలుసా?"

"తెలుసుకునే వచ్చాను."

"పండగ రోజే నేను మీతో ఈ మాట అందామనుకున్నాను" అంది బెర్నిస్. "అంటే అది నా ఆలోచన అయ్యుండేది. అందుకని ఊరుకున్నాను. జనవరిలో చేరండి."

డిసెంబరులో రోలండ్ ఫిలిపాని తీసుకుని ఆ విందుకి ఇంగ్లండు వెళ్లాడు. విందులో ఎవరైనా అడిగితే భార్యకి ఒంట్లో బాగోలేదని చెబుతానన్నాడు. "పరీక్ష రాస్తోందని చెప్పు" అంది గ్వెండా. అతను సూట్‌కేసు బెల్టు బిగించాడు. పద్నాలుగో తారీకు ఉదయం ఆమె ఒంటరిగా ఇంటి ముందు మంచు తవ్వి, కారు తీసి, పరీక్షకి వెళ్లింది. ఒక ప్రశ్నకి దారి దొరకలేదు. ఒకదానికి ఎంతకీ కుదరక, చివరికి ఎక్కడ ప్లస్‌కి బదులు మైనస్ రాసిందో కనబడి, కొట్టేసి మళ్లీ చేసింది. వారం తరవాత బి ప్లస్ వచ్చింది. ఇంగ్లండులో అయితే అది ఎంతవుతుందో మనసులో మార్చుకోబోయి, మానేసింది.

కొత్త ఏడాది మొదట్లో ఆమె మళ్లీ మిసెస్ లుండ్‌క్విస్ట్ దగ్గరికి వెళ్లింది. ఈసారి ఆవిడ కాఫీ పొయ్యలేదు.

"ఉద్యోగుల జాబితాలో మీ పేరు చూశానండీ, చాలా సంతోషం. అయితే అటు ఫ్రెంచి లైసెన్సు పని కూడా అయిపోవచ్చింది. ఇక మిగిలినవి సైన్సు ఒకటి, ఉపన్యాసాల క్లాసు ఒకటి. వేసవికల్లా ముగిసిపోతుంది. అదే రాయనా?"

"వద్దండీ. గణితం రాయండి. గణితంలో డిగ్రీ."

మిసెస్ లుండ్‌క్విస్ట్ కళ్లద్దాలు తీసి చూసింది. "అలాగైతే పాతవి కొన్నే పనికొస్తాయి. మీరు పని చేసుకుంటూ చదవాలి. కనీసం నాలుగేళ్లు పడుతుంది."

"తెలుసండీ" అంది గ్వెండా. "నాలుగేళ్లదే కావాలి."

ఇంటికొచ్చేసరికి రోలండ్ హాల్లో ఫోన్‌లో ఉన్నాడు. ఇంగ్లండులో ఇళ్లు చూపించే ఏజెంటుతో. ముందు బల్ల మీద ఊరి మ్యాపు పరుచుకుని, ఇల్లు బడికి దగ్గరుండాలని, తోట ఉండాలని, తన పుస్తకాలకి ఒక గది విడిగా ఉండాలని చెబుతున్నాడు. ఫిలిపా మెట్ల మీద కూర్చుని వింటోంది. తల్లి లోపలికి రాగానే లేచి నిలబడింది. గ్వెండా టోపీ తీసింది. చెప్పాల్సిన మాట చాలా రోజులుగా కూడబలుక్కుంటూనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టినా అది వాదనయ్యేది, వాదనలో ఎప్పుడూ అతనిదే పైచేయి. రోలండ్ ఆమెని చూసి నవ్వుముఖం పెట్టాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన దగ్గర్నుంచి మంచిగా ఉంటున్నాడు. గెలిచేసినవాడి మంచితనం అది. ఫోన్ రిసీవర్ మీద అరచెయ్యి వేసి, అడిగాడు.

"నువ్వే చెప్పు గ్వెండా, అతను అడుగుతున్నాడు. పడగ్గదులు మూడున్న ఇల్లు చాలా, నాలుగుండాలా?"

"మీ ఇద్దరికీ రెండు చాలు" అంది గ్వెండా.